చెరువు కట్ట బాధ్యత ఎవరిది? కడప జిల్లాలో సాగునీటి సంఘాల పూర్వాపరాలు

వానాకాలానికి ముందు కట్ట మీది కంపచెట్లు ఎవరు కొట్టాలి, తూములో పేరుకున్న మట్టి ఎవరు తీయాలి, మిగులు నీరు పొర్లిపోయే మరువ దగ్గర కోత పడితే ఎవరు రాళ్లు పేర్చాలి అన్న తగువు కడప జిల్లాలో చెరువున్న ఊళ్లకు కొత్త కాదు. దానికి పరిష్కారంగానే 1997లో చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలను నెలకొల్పారు. ఆ సంఘాలలో చాలా వాటికి ఊపిరి ఎందుకు అందలేదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

పోరుమామిళ్ల చెరువును 1369లో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అక్కడి సంస్కృత శాసనం లెక్క చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండరాదని కూడా అది వివరిస్తుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం వంటివి ఆ దోషాలు. నీరు తక్కువై తడపవలసిన భూమి ఎక్కువ కావడం ఒక దోషమైతే, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం మరొకటి. చెరువు కింద సాగయ్యే భూమిని, అంటే ఆయకట్టును, కాగితం మీద ఇష్టం వచ్చినంత పెంచే అలవాటున్న మనకు ఈ చివరి రెండూ కొంచెం గుచ్చుకునేవే.

చెరువు కట్టించడం ఒక ఎత్తు, కాపాడటం మరో ఎత్తు. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చూసుకునేవారికి దాని కింది భూమిలోనో ఫలసాయంలోనో ఒక వంతు ఇనాంగా ఇచ్చేవారు. దీన్నే దశబంధం అనేవారు. తూము తెరిచి మూసి మడి మడికీ నీరు పంచే నీరుగంటికి కళ్లంలో గింజలు కొలిచేవారు. ఇది సమానుల మధ్య ఒప్పందమేమీ కాదు. నీరుగంటి పని చాలాచోట్ల దళిత కుటుంబాలదే కాగా, ఎక్కువ నీరు పారింది పెద్ద రైతుల మడుల్లోకి. అయినా చెరువు ఎండితే తన ఇనాం కూడా ఎండుతుందన్న భయం ఆ ఏర్పాటును నిలబెట్టింది.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కుంఫణీకి ధారాదత్తం చేశాక, కలెక్టరు మన్రో హయాంలో శిస్తు రైతుకూ సర్కారుకూ మధ్య లెక్కగా మారసాగింది. ఊరంతా కలిసి చెరువు మరమ్మతు చేసే కుడిమరామత్తు సన్నగిల్లగా, 1858లో మద్రాసు ప్రభుత్వం ఆ శ్రమకు రాని రైతులపై జరిమానా విధించే చట్టం తెచ్చింది. 1956 ఇనాముల రద్దు చట్టంతో ఇనాం భూములు రైత్వారీ పట్టాలుగా, అంటే రైతు పేరిట సొంత భూములుగా, మారే దారి ఏర్పడింది. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. ఇలా ఊరి పాత ఏర్పాట్లు ఒక్కొక్కటే తొలగిపోయాయి.

ఇంతలో బోర్లు వచ్చాయి. రైతు చూపు తూము మీద నుంచి మోటారు మీదకు మళ్లింది. బోరులో నీరు ఊరడానికి చెరువు నిండటమే ఆధారమైనా, కట్ట బాగోగులు మాత్రం తన పని కాదన్న భావన పెరిగింది. కొత్త బోర్లకు అనుమతిని తప్పనిసరి చేస్తూ నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వాల్టా చట్టం వచ్చింది. కడప, అనంతపురం, కర్నూలు సహా ఏడు జిల్లాల్లో రైతులే వానను, బావుల నీటిమట్టాన్ని కొలిచి, ఉన్న నీటికి తగిన పంట ఎంచుకునే పథకం కూడా ఆ దశాబ్దంలోనే నడిచింది. నా దృష్టిలో వాల్టా కంటే ఇదే రైతు మనసుకు దగ్గరగా వెళ్లింది, ఎందుకంటే కొలత అతని చేతిలోనే ఉంది.

1997 సంఘాల నిర్మాణం వేరు. ఆ ఏడాది జూన్‌లో రాష్ట్రమంతటా పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిగాయి. నీటి తీరువాలో, అంటే సాగునీటి పన్నులో, వాటా ఇచ్చి, మరమ్మతులు అప్పగించారు. ఓటు మాత్రం ఆయకట్టులో భూమి ఉన్నవారికే దక్కింది. చెరువు ఊటతో బోరు నడుపుకునే ఎగువ రైతు, గొర్రెలకు నీళ్లు తాపే కాపరి, చేపలు పట్టేవాడు ఆ జాబితాకు బయటే మిగిలారు. 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగినప్పుడూ ఓటరు జాబితాకు ఆయకట్టే ప్రాతిపదిక.