ఆ ఏడు గంటలు: సెవోల్ నుంచి పార్క్ గున్-హే పతనం దాకా

2017 మార్చి 10న దక్షిణ కొరియా రాజ్యాంగ న్యాయస్థానం 8-0తో పార్క్ గున్-హేను అధ్యక్ష పదవి నుంచి తొలగించింది. స్నేహితురాలు చోయ్ సూన్-సిల్‌కు అధికార రహస్యాలు అందించడం, ఆమె ఫౌండేషన్లకు కంపెనీలతో డబ్బు ఇప్పించడం తొలగింపునకు కారణాలు. 2014 ఏప్రిల్ 16న సెవోల్ నౌక మునుగుతుంటే అధ్యక్షురాలు తన బాధ్యత నిర్వర్తించలేదన్న అభియోగాన్ని మాత్రం కోర్టు పక్కన పెట్టింది. ప్రజల ప్రాణాలు కాపాడే బాధ్యత అధ్యక్షురాలికి ఉందని ఒప్పుకుంది. అయితే ఫలానా ప్రమాదంలో ఫలానా పని స్వయంగా చేసి తీరాలన్న నిర్దిష్టమైన విధి అందులోంచి పుట్టదంది. పని ఎంత శ్రద్ధగా చేశారన్నది తాము తూచే విషయం కాదని కూడా చెప్పింది. ఇద్దరు న్యాయమూర్తులు విడిగా రాసిన అభిప్రాయంలో ఆమె శ్రద్ధగా పనిచేయలేదని తేల్చారు. కానీ పదవి నుంచి తీసేయడానికి అది చాలదన్నారు.

కోర్టు పక్కన పెట్టినా జనం పక్కన పెట్టలేదు. అధ్యక్షురాలి మీద నమ్మకం ఎక్కడ, ఎలా పోయిందో తెలియాలంటే నౌక దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

సెవోల్ 1994లో జపాన్‌లో కట్టిన నౌక. అక్కడ వాడి పక్కన పెట్టేశాక 2012లో చోంగ్‌హేజిన్ మెరైన్ కంపెనీ కొంది. కొరియాలో ప్రయాణికుల నౌకల వయోపరిమితిని 2009లో, అధ్యక్షుడు లీ మ్యుంగ్-బాక్ హయాంలో, 30 ఏళ్లకు పెంచారు కాబట్టే ఈ కొనుగోలు లాభసాటి అయింది. కంపెనీ వెనుక భాగంలో పై అంతస్తులకు గదులు జోడించింది. దాంతో నౌక గురుత్వ కేంద్రం పైకి జరిగింది. అందుకని తనిఖీ సంస్థ ఓ షరతు పెట్టింది: సరుకు 987 టన్నులు మించకూడదు, అడుగున బరువు కోసం నింపే బల్లాస్ట్ నీళ్లు బాగా పెంచాలి.

ప్రమాదం జరిగిన రోజు నౌకలో 2,100 టన్నులకు పైగా సరుకు ఉంది. బల్లాస్ట్ నీళ్లు ఉండాల్సినదాంట్లో సగం కూడా లేవు. ఈ రెండూ వేర్వేరు తప్పులు కావు. రేవులో తనిఖీ అంటే నౌక పక్కన గీసిన లోడ్ లైన్ నీళ్లపై కనిపిస్తోందా లేదా అని చూడడమే. సరుకు రెట్టింపు ఎక్కించి, ఆ మేరకు నీళ్లు తోడేస్తే గీత ఉండాల్సిన చోటే ఉంటుంది. కాగితం మీద అంతా సవ్యమే. పైన బరువు, కింద ఖాళీ. అలాంటి నౌక ఒరిగితే మళ్లీ నిలబడే శక్తి ఉండదు. ఆ తనిఖీ చేసే సంఘం నౌకా యజమానులదే. దాని పెద్ద పదవుల్లో కూర్చునేది అదే మంత్రిత్వ శాఖ నుంచి రిటైరైన అధికారులు. ఇంతవరకూ ఏ ఒక్క నాయకుడి మీదో వేయదగ్గ నేరం కాదు. దశాబ్దాలుగా పేరుకున్న వ్యవహారం.

పొగమంచు వల్ల రెండున్నర గంటలు ఆలస్యంగా, ఏప్రిల్ 15 రాత్రి 9కి ఇంచియాన్ నుంచి జేజు దీవికి నౌక బయల్దేరింది. 476 మంది ఉన్నారు. వాళ్లలో 325 మంది ఆన్సాన్‌లోని దాన్వన్ హైస్కూల్ విద్యార్థులు, విహారయాత్రకు వెళ్తున్నవాళ్లు. మర్నాడు ఉదయం 8:49కి నైరుతి తీరంలోని జిందో దీవి దగ్గర నౌక ఒక్కసారిగా కుడికి తిరిగింది. సరిగ్గా కట్టని సరుకు ఒక పక్కకు జారింది. 8:52కి అత్యవసర నంబరు 119కి మొదటి ఫోన్ చేసింది సిబ్బంది కాదు, ఒక విద్యార్థి. సిబ్బంది 8:55కి కాల్ చేశారు, అదీ దగ్గరున్న జిందో నౌకా రాకపోకల కేంద్రానికి కాదు, దూరాన ఉన్న జేజుకి. లోపల మైకులో మాత్రం కదలకండి, ఉన్నచోటే ఉండండి అని పదేపదే చెప్పారు.

9:30 దాటాక తీర రక్షక దళం పడవ 123 వచ్చింది. అది మొదట ఎక్కించుకున్నది ఇంజిన్ గది సిబ్బందిని, ఆ తర్వాత బ్రిడ్జి మీదున్న కెప్టెన్ బృందాన్ని. బయటికి దూకండి అని లౌడ్‌స్పీకర్‌లో ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పామని ఆ పడవ అధిపతి తర్వాత విలేకరుల ముందు అబద్ధమాడాడు, లాగ్‌బుక్ కూడా మార్పించాడు. దానికి మూడేళ్ల జైలు పడింది. నౌక లోపలి నుంచి చివరి మెసేజ్ 10:17కి వెళ్లింది. 10:30 ప్రాంతంలో నౌక పూర్తిగా తిరగబడింది. 304 మంది పోయారు. వాళ్లలో 250 మంది పిల్లలు.

ఉదయం 11 గంటలకు టీవీల్లో విద్యార్థులంతా క్షేమం అని వార్త వచ్చింది. మధ్యాహ్నం ప్రభుత్వ విపత్తు కేంద్రం 368 మందిని కాపాడామని ప్రకటించింది. కొద్ది గంటల్లోనే ఆ సంఖ్య సగానికన్నా కిందికి పడింది. చివరికి తేలింది 172. సాయంత్రం 5:15కి అధ్యక్షురాలు ఆ కేంద్రానికి వచ్చారు. పిల్లలు లైఫ్ జాకెట్లు వేసుకున్నారట కదా, కనిపెట్టడం అంత కష్టమా అని అడిగారు. పిల్లలు నీళ్ల మీద తేలడం లేదు, నౌకలో ఇరుక్కుపోయారు. ఆ సంగతి టీవీ చూస్తున్న ప్రతి ఇంటికీ అప్పటికే తెలుసు. దేశం మొత్తం ఒకే ప్రశ్న వేసుకుంది: పొద్దుట్నుంచి ఈమె ఎక్కడున్నారు?

ప్రమాదం గురించి అధ్యక్షురాలికి అందిందని చెప్పిన పదింటి తొలి నివేదికకూ ఈ 5:15కీ మధ్య ఉన్న సమయమే ‘ఏడు గంటలు’గా స్థిరపడిపోయింది.

ఈ ప్రశ్న అంత గట్టిగా తగలడానికి వెనక ఓ చరిత్ర ఉంది. 1993లో సొహే ఫెర్రీ మునిగి 292 మంది, 1994లో సియోల్‌లో సొంగ్సు వంతెన కూలి 32 మంది, 1995లో సంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కూలి 502 మంది చనిపోయారు. 2003 ఫిబ్రవరిలో దేగు మెట్రో మంటల్లో 192 మంది పోయారు. దేగు తర్వాత వచ్చిన రో మూ-హ్యున్ ప్రభుత్వం అధ్యక్ష భవనమైన బ్లూ హౌస్‌లోనే సంక్షోభ నిర్వహణ కేంద్రం పెట్టి, విపత్తులకు కూడా అక్కడి నుంచే ఆదేశాలిచ్చే పద్ధతి తెచ్చింది. 2008లో లీ మ్యుంగ్-బాక్ ఆ ఏర్పాటును విప్పేసి విపత్తుల పని మంత్రిత్వ శాఖకు అప్పగించారు. పార్క్ 2013లో వస్తూనే ఆ శాఖ పేరులో ‘భద్రత’ అన్న మాటను ముందుకు తెచ్చారు. బోర్డు మారింది కానీ సముద్రంలో ప్రమాదం జరిగితే ఎవరు ఎవరికి ఆదేశమివ్వాలన్నది తేలలేదు. ఆ రోజు తీర రక్షక దళానికీ బ్లూ హౌస్‌కీ మధ్య నడిచిన హాట్‌లైన్ సంభాషణలు తర్వాత బయటికొచ్చాయి. బ్లూ హౌస్ మాటిమాటికీ అడిగింది రెండే: వీడియో పంపండి, సంఖ్యలు చెప్పండి. పైకి నివేదించాలి కాబట్టి. రక్షించాల్సినవాళ్ల సమయం నివేదికలు తయారుచేయడానికి పోయింది.

ప్రమాదం జరిగిన వారం దాకా సర్వే సంస్థ గాలప్ కొరియా లెక్కలో పార్క్‌కు 59 శాతం ఆదరణ ఉంది. ఏప్రిల్ చివరికి 48కి పడింది. 11 పాయింట్లు చిన్న పతనం కాదు. అలాగని కోలుకోలేనిదీ కాదు. జూన్ 4 స్థానిక ఎన్నికల్లో 17 మేయర్, గవర్నర్ పదవుల్లో ఆమె పార్టీ 8 గెలిచింది. జులై 30 ఉప ఎన్నికల్లో 15 అసెంబ్లీ సీట్లలో 11 దక్కించుకుంది. అంటే విషాదం ఒక్కటే ఆమెను కూల్చలేదు. ఆ తర్వాత ప్రభుత్వం చేసిన పనులే కూల్చాయన్నది మా అంచనా.

ఏప్రిల్ 23న జాతీయ భద్రతా కార్యాలయ అధిపతి కిమ్ జాంగ్-సూ, విపత్తులకు బ్లూ హౌస్‌లోని తమ కార్యాలయం కంట్రోల్ టవర్ (ఆదేశాలిచ్చే కేంద్రం) కాదని చెప్పించారు. ఏప్రిల్ 27న ప్రధాని చుంగ్ హోంగ్-వోన్ రాజీనామా ఇచ్చారు. ఆయన స్థానంలో పేర్కొన్న ఇద్దరూ వరుసగా తప్పుకోవడంతో జూన్ 26న మళ్లీ ఆయన్నే ఉండమన్నారు. బాధ్యత తీసుకున్నవాడు రెండు నెలలకి అదే కుర్చీలో కనిపించాడు. అధ్యక్షురాలి తొలి క్షమాపణ ఏప్రిల్ 29న, ప్రజల ముందు కాదు, మంత్రివర్గ సమావేశంలో. మే 19న టీవీలో కన్నీళ్లతో మాట్లాడుతూ తీర రక్షక దళాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. నవంబరులో రద్దయిన ఆ దళాన్ని 2017 జులైలో కొత్త ప్రభుత్వం తిరిగి నిలబెట్టాల్సి వచ్చింది. ఈలోగా నౌకా సంస్థ వెనకున్న యజమాని యూ బ్యుంగ్-యూన్ వేట మొదలైంది. వేలమంది పోలీసులు గాలిస్తుండగానే జూన్ 12న సున్‌చాన్‌లోని తోటలో ఓ గుర్తుతెలియని శవం దొరికింది. అది ఆయనదేనని తేల్చడానికి నలభై రోజులు పట్టింది.

ఏడు గంటల ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు. జులై 7న జాతీయ అసెంబ్లీలో చీఫ్ ఆఫ్ స్టాఫ్ కిమ్ కీ-చూన్, ఆ రోజు అధ్యక్షురాలు ఎక్కడున్నారో తనకు తెలియదన్నారు. ఆగస్టులో ఆ గంటల గురించి ప్రచారంలో ఉన్న పుకార్లు రాసిన జపాన్ పత్రిక సాంకేయ్ సియోల్ బ్యూరో చీఫ్ మీద అక్టోబరులో ప్రాసిక్యూటర్లు పరువునష్టం కేసు పెట్టారు. 2015 డిసెంబరులో కోర్టు ఆయన్ని నిర్దోషిగా తేల్చింది. పబ్లిక్ టీవీ కేబీఎస్ వార్తా విభాగాధిపతికి బ్లూ హౌస్ కార్యదర్శి ఫోన్ చేసి, తీర రక్షక దళాన్ని విమర్శించే వార్తలపై ఒత్తిడి తెచ్చారు. అది నేరమేనని 2020లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు.

కుటుంబాలు అడిగింది విచారణ, ప్రాసిక్యూషన్ అధికారాలున్న కమిషన్. ఒక తండ్రి 46 రోజులు నిరాహార దీక్ష చేశాడు. 2014 నవంబరులో వచ్చిన ప్రత్యేక చట్టంలో ఆ అధికారాలు లేవు. పైగా 2015 జనవరి 1 నుంచే గడువు మొదలైందని ప్రభుత్వం లెక్కగట్టింది. కమిషన్‌కు సిబ్బంది, బడ్జెట్ అందింది చాలా నెలల తర్వాత. నౌకను పైకి తీయకముందే గడువు అయిపోయిందని 2016లో మూసేశారు. సైనిక భద్రతా విభాగం ఈ కుటుంబాలపై నిఘా పెట్టిందన్న సంగతి 2018లో బయటపడింది.

2016 అక్టోబరులో చోయ్ సూన్-సిల్ వ్యవహారం బద్దలయ్యేసరికి జనం చేతిలో ఈ పాత ప్రశ్న సిద్ధంగా ఉంది. ఎన్నిక కాని స్నేహితురాలు పాలన నడిపిస్తోందంటే, పిల్లలు మునిగిన రోజున ఎవరు నడిపించారు? నవంబరు చివరికి ఆదరణ 4 శాతానికి దిగింది. సియోల్ కొవ్వొత్తుల ర్యాలీల్లో సెవోల్ పసుపు రిబ్బన్లు కనిపించాయి. డిసెంబరు 9న 234 మంది సభ్యులు అభిశంసనకు ఓటేశారు. తీర్మానంలో ప్రాణరక్షణ హక్కు ఉల్లంఘన కూడా ఒక అభియోగం. సెవోల్ మునిగిన రోజు మధ్యాహ్నం పార్క్ జుట్టు సర్దడానికి మనిషి వచ్చి వెళ్లిందని బ్లూ హౌస్ ఒప్పుకున్నదీ ఆ నెలలోనే.

అసలు సంగతి 2018 మార్చి 28న ప్రాసిక్యూటర్లు చెప్పారు. తొలి నివేదిక చేరింది ఇంతకాలం చెప్పినట్టు పదింటికి కాదు, 10:19-10:20కి. ఆమె నివాసంలోని పడకగదిలో ఉన్నారు. కిమ్ జాంగ్-సూ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఒక కార్యదర్శి వెళ్లి తలుపు బయట నుంచి పలుమార్లు పిలిస్తే బయటికొచ్చి 10:22కి తిరిగి ఫోన్ చేశారు. ఒక్క ప్రాణమూ పోకూడదు, గదులన్నీ వెతకండి అన్నది అప్పుడిచ్చిన ఆదేశం. అప్పటికి ఆ గదులు నీళ్లలో ఉన్నాయి. రోజంతా ఎప్పటికప్పుడు అందించామన్న 11 రాతపూర్వక నివేదికల్ని సిబ్బంది మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి కట్టగట్టి ఇచ్చారు. మధ్యాహ్నం 2:15కి చోయ్ నివాసానికి వచ్చి సమావేశంలో కూర్చున్నారు. తొలి నివేదిక వేళను ముందుకు జరిపింది ఎందుకో ఇప్పుడు తెలిసింది: చివరి మెసేజ్ వెళ్లిన 10:17కి ముందే ఆమె స్పందించారని చూపడానికి. జాతీయ సంక్షోభ నిర్వహణ మార్గదర్శకాల్లో బ్లూ హౌస్‌లోని జాతీయ భద్రతా కార్యాలయమే కంట్రోల్ టవర్ అన్న వాక్యాన్ని 2014 జులైలో పెన్నుతో కొట్టేసి, శాఖలకు పంపిన సంగతీ తేలింది. అయితే ఈ కేసులు కోర్టుల్లో నిలబడలేదు. తప్పుడు సమాధానాలిచ్చారని కిమ్ కీ-చూన్‌కు కింది కోర్టులు వేసిన శిక్షను 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. తీర రక్షక దళం పెద్దలు కూడా నిర్దోషులుగా బయటపడ్డారు. కెప్టెన్‌కు మాత్రం యావజ్జీవం ఖాయమైంది.

నమ్మకం పోయాక నిజం చెప్పినా చెవికెక్కదు. జలాంతర్గామి గుద్దిందన్న వాదం ఏళ్ల తరబడి నడిచింది. 2017 మార్చిలో, పార్క్ పదవి పోయిన రెండు వారాలకి, నౌకను పైకి తీశారు. 2018 ఆగస్టులో దాన్ని పరిశీలించిన కమిషన్ కూడా ఒక్క మాట మీదికి రాలేదు. ముగ్గురు చుక్కాని వాల్వ్ ఇరుక్కోవడం, అధిక సరుకు కారణమన్నారు. మిగతా ముగ్గురు బయటి శక్తి అవకాశాన్ని కొట్టిపారేయలేమన్నారు. బరువుల లెక్కే చాలు ఆ నౌక ఎందుకు పడిపోయిందో చెప్పడానికి. కానీ ఆ లెక్క చెప్పే ప్రభుత్వాన్ని నమ్మేవాళ్లు అప్పటికి లేరు.

2022 అక్టోబరు 29న ఇటేవాన్ సందులో తొక్కిసలాటలో 159 మంది చనిపోయారు. సాయంత్రం 6:34 నుంచే పోలీసులకు హెచ్చరిక కాల్స్ వచ్చాయి. అంతర్గత భద్రతా మంత్రి లీ సాంగ్-మిన్‌ను అసెంబ్లీ అభిశంసించింది. 2023 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా ఆయన్ని తిరిగి పదవిలో కూర్చోబెట్టింది. 2017లో సెవోల్ విషయంలో గీసిన గీతే ఇక్కడా పనిచేసింది.

పార్క్ తొలగింపు తర్వాత తాత్కాలిక అధ్యక్షుడు హ్వాంగ్ క్యో-ఆన్, సెవోల్ మునిగిన రోజు నాటి పత్రాల్ని అధ్యక్ష రికార్డులుగా ప్రకటించి 30 ఏళ్ల దాకా తెరవడానికి వీల్లేకుండా సీల్ చేశారు. కనీసం పత్రాల జాబితా అయినా ఇవ్వమంటూ వేసిన కేసు ఏళ్లపాటు నలిగింది. ఇవ్వక్కర్లేదన్న అప్పీలు కోర్టు తీర్పును 2025 జనవరిలో సుప్రీంకోర్టు రద్దు చేసి, సీల్ వేయడం చట్టబద్ధమో కాదో ముందు చూడాలంటూ కేసును వెనక్కి పంపింది.