ఒకటి, రెండు తరగతుల్లో పాఠం పరిశీలన: మన సరిహద్దు బడుల్లో వినిపించే అపోహలు, అసలు సంగతులు

ఒడిశా-ఆంధ్ర సరిహద్దున పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు డీఎల్‌ఎడ్ (ప్రాథమిక బడి టీచరు శిక్షణ) చదివేవాళ్లు ఇంటర్న్‌షిప్‌కి వెళ్లినా, క్లస్టర్ నుంచి సీఆర్‌సీసీ (చుట్టుపక్కల కొన్ని బడులను చూసుకునే సమన్వయకర్త) వచ్చినా, చివరికి చేసే పని ఒక్కటే: ఒక మూల కూర్చుని తరగతి చూడడం. చూడడమేగా అనుకుంటాం గానీ నేర్చుకోకుండా వచ్చే పని కాదది. తెలుగు ఇళ్ల పిల్లలు, ఒడియా పిల్లలు, సవర పిల్లలు ఒకే చాప మీద కూర్చునే బడుల్లో అయితే మరీను.

అపోహ: పరిశీలకులు వెనక గోడ దగ్గర కూర్చోవాలి.

వెనక కూర్చుంటే 30 వీపులు, ఒక టీచరు కనిపిస్తారు. ఇక రాసేదంతా టీచరు గురించే అవుతుంది. బోర్డుకు పక్కన, గోడకు ఆనుకుని, పిల్లల ముఖాలూ చేతులూ పలకలూ కనిపించే చోట కూర్చోండి. కుర్చీ కంటే చాప మేలు. ప్రార్థన గంటకు ముందే బడికి చేరాలి. పాఠం మధ్యలో లోపలికి వెళ్తే పిల్లలంతా లేచి నమస్కారం పెడతారు, అంతటితో పాఠం తెగిపోతుంది. మొదటి పది నిమిషాలు వాళ్ల చూపు కొత్త మనిషి మీదే ఉంటుంది. ఆ సమయంలో ఏమీ లెక్క పెట్టొద్దు, కూర్చున్న తీరు పటంగా గీసుకోండి.

పటంలో పేర్లు రాయొద్దు. వరసకో అక్షరం, చోటుకో అంకె వేస్తే చాలు: క3, గ5 అలా. టీచరు ఎవరినైనా ప్రశ్న అడిగితే ఆ గడిలో నిలువు గీత, పిల్ల తనంతట తాను మాట్లాడితే చుక్క, మందలింపు పడితే అడ్డగీత. అరగంట తర్వాత కాగితం చూడండి. నిలువు గీతలు చాలాసార్లు ముందు వరసలోనూ నడి మధ్యలోనూ గుమిగూడి ఉంటాయి. గోడ పక్క గడులు ఖాళీగా మిగులుతాయి. టీచరుకు ఇది కావాలని చేసే పని కాదు, చూపు సహజంగా పడే చోటు అది. ఈ ఒక్క పటం చూపిస్తే వేరే విమర్శ అక్కర్లేదు.

అపోహ: చప్పుడు లేని తరగతి బాగా నడుస్తున్న తరగతి.

చప్పుడు లేకపోవడానికి భయం ఒక కారణం, అర్థం కాకపోవడం ఇంకో కారణం. బోర్డు మీద ఉన్నది చూసి గీసే పిల్లలు కూడా నిశ్శబ్దంగానే ఉంటారు. అందుకే చెవిని నమ్మకుండా కంటితో లెక్క పెట్టాలి. మూడు నిమిషాలకోసారి ఎడమ నుంచి కుడికి ఒక్క చూపు తిప్పండి. టీచరు చెప్పిన పని ఎంతమంది చేస్తున్నారో రాసుకోండి. 28 మందిలో 19 మంది అనుకుందాం. అరగంటలో పది లెక్కలు వస్తాయి. పక్కనే ఆ నిమిషంలో ఏం పని ఇచ్చారో కూడా రాయాలి, లేకపోతే అంకెకు అర్థం ఉండదు. ఎప్పుడు 19 కాస్తా 11 అయిందో చూస్తే, చాలాసార్లు అది ఒక పని అయ్యి ఇంకోటి మొదలయ్యే సందు అయి ఉంటుంది.

ఆ సందులే తరగతి నిర్వహణ. నోటు పుస్తకాలు టీచరే ఒక్కొక్కరికీ ఇస్తే, మనిషికి పది సెకన్లు వేసుకున్నా 30 మందికి ఐదు నిమిషాలు. అంతసేపు ఆరేళ్ల పిల్లలు చేతులు ముడుచుకుని కూర్చోరు. వరసకు ఒకరి చేతికి కట్ట ఇస్తే నిమిషంలో అయిపోతుంది. అయితే ఆ పని నేర్పాలి: ఎవరు లేస్తారు, ఎటు నుంచి తిరుగుతారు, పుస్తకం అందినవాళ్లు ఏం చేస్తారు. జూన్‌లో వారం రోజులు పాఠంలాగే దీన్ని సాధన చేయించిన తరగతికీ, చేయించని తరగతికీ తేడా సెప్టెంబరులో కూడా తెలుస్తుంది.

అపోహ: బెత్తం చూపించకపోతే చిన్నపిల్లలు మాట వినరు.

పిల్లలను కొట్టడం, మనసు నొచ్చేలా అవమానించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. చట్టం సంగతి అలా ఉంచినా, అమెరికా మనస్తత్వవేత్త జేకబ్ కూనిన్ 1970లో వెలువరించిన పరిశోధనలో తేలింది ఇదే: అల్లరి జరిగాక టీచరు ఎలా స్పందించారన్నది తరగతి తీరును మార్చలేదు. అల్లరి మొదలు కాకముందే గమనించడం, పని నుంచి పనికి తడబడకుండా వెళ్లడం మార్చాయి. కాబట్టి పరిశీలకులు అల్లరి జరిగిన క్షణం దగ్గర ఆగిపోకూడదు. దానికి రెండు నిమిషాల ముందు ఏం జరిగిందో రాసుకోవాలి. పని తొందరగా ముగించిన పిల్లకు తర్వాత ఏం చెయ్యాలో చెప్పారా? సూచన ఇచ్చినప్పుడు అందరి కళ్లూ టీచరు వైపు ఉన్నాయా? ఒకే ఊపులో నాలుగు సూచనలు ఇచ్చారా? ఆరేళ్ల పిల్లకు ఒకసారికి ఒకటి, మహా అయితే రెండు.

అపోహ: నోరు విప్పని పిల్లకు ఏమీ రాదు, పక్కవాళ్లతో మాట్లాడే పిల్లకు శ్రద్ధ లేదు.

మన ప్రాంతంలో ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. ఇంట్లో తెలుగో సవరో మాట్లాడే పిల్ల ఒడియా బడికి వచ్చాక కొన్నాళ్లు, ఒక్కోసారి నెలల తరబడి, వింటూనే ఉంటుంది గానీ మాట్లాడదు. రెండో భాష నేర్చుకునే పిల్లల్లో ఇది మామూలే. ఆ కాలంలో ఆమెకు ఎంత తెలుసో మాటల్లో దొరకదు, చేతల్లో దొరుకుతుంది. ఒక తరగతి నోట్సు ఇలా ఉండొచ్చు:

10:12. టీచరు: 'బహి ఖోల.' ఎక్కువమంది పుస్తకం తెరిచారు. గ2 పక్కపిల్ల చేతులు చూసి తెరిచింది. గ5 తెరవలేదు.
10:13. గ4, గ5తో తెలుగులో: 'పుస్తకం తియ్యమంటన్నారే.' గ5 తెరిచింది.
10:13. టీచరు గ4తో: 'చుప్!'

'గ4 మాట్లాడుతోంది, క్రమశిక్షణ తక్కువ' అని రాసే పరిశీలకులు చాలామంది. ఆ పిల్ల చేసింది మాత్రం టీచరు పనిలో సగం. మందలింపు పడిన మరుక్షణం నుంచి గ5కు అర్థం చెప్పేవాళ్లు లేరు.

తప్పుల్లో కూడా ఇంటి భాష కనిపిస్తుంది. ఒడియాలో హల్లులోని 'అ' తెలుగు చెవికి 'ఒ'లా వినిపిస్తుంది. 'ఘర' (ఇల్లు) అన్న మాట 'ఘొరొ' అని వినబడ్డ పిల్ల లేని ఓత్వం తెచ్చి పెడుతుంది. బద్ధకమూ మతిమరుపూ అందులో లేవు, విన్నది విన్నట్టు రాసింది. 'నాఁ' అంటే ఒడియాలో పేరు, తెలుగు పిల్లకు 'నా' అంటే తనది. ఒడియా అంకెల్లో నాలుగు చూడడానికి 8లా ఉంటుంది. దుకాణం బోర్డు మీదా ఫోన్‌లోనూ 8ని చూసిన పిల్ల, లెక్కల పుస్తకంలో దాన్ని చూసి ఎనిమిది గింజలు పేరిస్తే ఆమెకు లెక్క వచ్చినట్టే, గుర్తు ఒక్కటే మారింది. పరిశీలకులు 'తప్పు' అని కొట్టేయకుండా పిల్ల రాసింది రాసినట్టు, పేర్చింది పేర్చినట్టు నకలు తీసుకోవాలి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లల కోసం ముందు తానే సవర నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు తయారుచేశారు. అంత పని అందరివల్లా కాకపోవచ్చు. 'కూర్చో, తియ్యి, చూడు, మళ్లీ చెప్పు' లాంటి ఇరవై మాటలు పిల్లల ఇంటి భాషల్లో నేర్చుకోవడం మాత్రం ప్రతి టీచరు వల్లా అవుతుంది.

అపోహ: వెంటనే జవాబు రాకపోతే ఇంకో పిల్లను అడగాలి.

ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయని, జవాబు చెప్పేవాళ్లు పెరుగుతారని అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో చూపించారు. ప్రశ్నను మనసులో తన భాషలోకి మార్చుకునే పిల్లకు మూడు కూడా చాలవు. పరిశీలకులు మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి ప్రతి ప్రశ్న పక్కన ఆ అంకె వెయ్యాలి.

అపోహ: ఫారంలో టిక్కులు పెడితే పరిశీలన అయిపోయినట్టే.

'పిల్లలు పాల్గొన్నారు: అవును' అన్న టిక్కు నుంచి టీచరుకు దొరికేది ఏమీ లేదు. కాగితాన్ని నిలువునా రెండుగా మడవండి. ఎడమవైపు సమయం, కన్నది, విన్నది. కుడివైపు మీ అభిప్రాయం, అదీ పాఠం ముగిశాకే. 'శ్రద్ధగా', 'చురుగ్గా', 'బాగా' లాంటి మాటలు ఎడమవైపుకు వస్తే కొట్టేయండి. ఒక్కరోజు చూసి ముగించొద్దు. ప్రార్థన తర్వాతి గంట వేరు, గుడ్డు కూర వాసన వంటగది నుంచి వస్తున్నప్పటి గంట వేరు. కనీసం రెండు వేళల్లో చూడండి.

మాట్లాడడం అదే రోజు, పిల్లలు వెళ్లాక, పదిహేను నిమిషాలు. ముందుగా పటం, లెక్కలు టీచరు చేతిలో పెట్టి, 'మీకేం కనిపిస్తోంది?' అని అడగండి. గోడ పక్కన ఖాళీ గడులు వాళ్లే చూపిస్తారు. పది లోపాలు చెప్పొద్దు. మార్చడానికి ఒక్కటే ఎంచుకోండి, అది కూడా రేపు ఉదయం చేయగలిగింది: రేపు మొదటి పీరియడ్‌లో గోడ పక్క ఐదుగురికి ఒక్కో ప్రశ్న, ప్రతిదానికీ మూడు సెకన్లు. మీరు మళ్లీ ఏ రోజు వస్తారో అప్పుడే చెప్పండి, ఆ రోజు అదే పటం మళ్లీ గీయండి.