ఇండీ రాక్ బ్యాండ్, కొత్త పాటలు, టూరు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాదుకు చెందిన ఒక తెలుగు రాక్ బ్యాండ్‌తో తొమ్మిదేళ్లుగా సౌండ్ ఇంజినీరుగా తిరుగుతున్నాను. రికార్డింగు గదిలోనూ, వేదిక ఎదుట మిక్సర్ దగ్గరా ఉండేది నేనే. నాలుగు కొత్త పాటలు విడుదలై, టూరు మొదలవుతున్న ఈ సమయంలో శ్రోతల నుంచి, బంధువుల నుంచి, కొత్తగా బ్యాండ్ పెట్టుకున్న కుర్రాళ్ల నుంచి తరచుగా వినే కొన్ని మాటలకు జవాబు రాయాలనిపించింది.

అపోహ: సినిమాల్లో అవకాశం రానివాళ్లే ఇండీ సంగీతం చేస్తారు.

వాస్తవం: ఇండీ అన్నది పాట మీద హక్కు ఎవరిదన్న విషయానికి సంబంధించిన మాట. సినిమా పాట రికార్డింగు హక్కు సాధారణంగా నిర్మాత ద్వారా ఆడియో కంపెనీకి చేరుతుంది. ఇండీ బ్యాండ్ తన ఖర్చుతో రికార్డు చేసుకుని, మాస్టర్‌ను, అంటే అసలు రికార్డింగును, తన దగ్గరే ఉంచుకుంటుంది. ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ 2010లో తన ఆల్బమ్‌ను నెలకో పాట చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా విడుదల చేసింది. 'బ్లాక్ ఫ్రైడే' అనే హిందీ సినిమాకు సంగీతం సమకూర్చింది కూడా ఆ బ్యాండే.

అపోహ: తెలుగు భాష రాక్‌కు ఒదగదు.

వాస్తవం: మలయాళంలో అవియల్ బ్యాండ్ 2008లోనే ఆల్బమ్ తెచ్చింది కనుక దక్షిణాది భాషల మీద ఈ అనుమానం ఎప్పుడో తీరిపోవలసింది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. స్వరాన్ని నాలుగు బార్ల (తాళం ఆవర్తాల వంటివి) పాటు నిలపవలసి వచ్చినప్పుడు గాయకుడికి అంతకంటే అనుకూలమైనది లేదు. 'చప్పుడు' అనే మాటలోని ఒత్తు స్నేర్ (డ్రమ్ సెట్‌లో పదునుగా మోగే చిన్న డ్రమ్) దెబ్బతో కలిసి పడితే, ఆ దెబ్బకు బలం రెట్టింపవుతుంది. ఇబ్బంది మరొకచోట ఉంది. బాణీ ముందే ఇంగ్లీషు పాటల ధోరణిలో కట్టుకుని, తర్వాత మాటలు ఇరికిస్తే హ్రస్వాలు దీర్ఘాలవుతాయి. మా కొత్త పాటల్లో ఒకదాని పల్లవిలో 'పడి' అన్న మాట సాగి సాగి 'పాడి'గా వినిపించింది. మాట మార్చడానికి గాయకుడు ఒప్పుకోలేదు, నేనూ బలవంతం చేయలేదు. చివరకు స్వరాన్నే అర బీటు ముందుకు జరిపి, సాగదీతను తర్వాతి మాట మీదికి తెచ్చాము.

అపోహ: స్ట్రీమింగ్‌లో పాట పెడితే డబ్బు వస్తూనే ఉంటుంది.

వాస్తవం: 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకు గడచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు ఉంటే తప్ప రాయల్టీ లెక్కలోకి రాదు. ఆ గీత దాటిన తర్వాత వచ్చేది కూడా మా అనుభవంలో ఒక రోజు స్టూడియో అద్దెకు సరిపోలేదు.

అపోహ: రాక్ అంటే హోరు, సౌండ్ ఎంత పెంచితే అంత బాగుంటుంది.

వాస్తవం: నా పనిలో సగం తగ్గించడమే. రెండు వందల మంది పట్టే గదిలో డ్రమ్స్‌కు మైకు అవసరమే ఉండకపోవచ్చు. వాటి సహజ ధ్వనే గది నింపుతుంది, మిగిలినవన్నీ దానికి తగ్గట్టు అమర్చుకోవాలి. గిటార్ ఆంప్ (గిటార్ ధ్వనిని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె) నేల మీద ఉంటే ధ్వని గిటారిస్టు మోకాళ్ల దగ్గరే పోతుంది, చెవికి అందదు. తనకు వినపడటం లేదని అతను వాల్యూమ్ పెంచుతాడు, ముందు వరుసలో ఉన్నవాళ్లకు చెవులు గింగుర్లెత్తుతాయి, గాయకుడి మైకులోకి కూడా గిటారే దూరి మాటలు మునిగిపోతాయి. బెంగళూరులో ఒకసారి ఆంప్‌ను ప్లాస్టిక్ క్రేటు మీద పెట్టి, వెనక్కి కాస్త వంచి, అతని ముఖానికి తిప్పాను. అతనంతట అతనే వాల్యూమ్ సగానికి తగ్గించాడు. సాహిత్యం ఆ రోజు చివరి గోడ దాకా స్పష్టంగా వినిపించింది.

కచేరీకి ముందు చేసే సౌండ్ చెక్ కూడా 'చెక్, చెక్' అని మైకులో అనడంతో అయిపోయే పని కాదు. ఖాళీ గదిలో గణగణలాడిన సింబల్ (డ్రమ్ సెట్‌లోని లోహపు పళ్లెం), జనం నిండాక మెత్తబడుతుంది, ఎందుకంటే మనుషుల ఒళ్లూ బట్టలూ పై పౌనఃపున్యాలను పీల్చుకుంటాయి. ఆ తేడాను సాయంత్రమే ఊహించి మిక్స్ సిద్ధం చేసుకోవాలి. ఒక ఊళ్లో నిర్వాహకులు ఆలస్యంగా తలుపులు తెరిచి, సౌండ్ చెక్ లేకుండానే వాయించమన్నారు. మొదటి మూడు పాటలు శ్రోతలకు సరిగా అందలేదు. టికెట్ కొని వచ్చినవాళ్లకు అలా జరగడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. 100 డెసిబెల్స్ వద్ద సురక్షితంగా వినగలిగేది రోజుకు 15 నిమిషాలేనని పనిచేసేవారి ఆరోగ్య భద్రతను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ చెబుతోంది కాబట్టి శ్రోతలు ఇయర్‌ప్లగ్స్ తెచ్చుకోవాలని, స్పీకర్ల ముందు నిలబడవద్దని కోరుతున్నాను.

అపోహ: టూరు అంటే విహారయాత్ర.

వాస్తవం: థర్డ్ ఏసీలో ఒక్కొక్కరికి ఉచితంగా అనుమతించే సామాను 40 కిలోలు. కాచిగూడలో రాత్రి రైలెక్కే ముందు మేము సామాన్లను లెక్కపెడతాము, పెడల్ బోర్డుల (గిటార్ ధ్వనిని మార్చే పెడళ్లు అమర్చిన పలకల) బరువు చూస్తాము. డ్రమ్ సెట్ మొత్తం మోసుకెళ్లము. మేము 'బ్రేకబుల్స్' అని పిలుచుకునే స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ మాత్రం మావి. మిగిలిన సెట్ వేదిక వాళ్లదే. చెన్నై, విశాఖ వంటి సముద్ర తీరాల్లో ఉక్కపోతకు గిటార్ మెడ కదిలి శ్రుతి తప్పుతుంది కనుక, పెట్టె తెరిచి కనీసం గంటసేపు ఆ గాలికి అలవాటు పడనిస్తాము. ఆరుబయట కచేరీ అయితే రాత్రి 10 తర్వాత లౌడ్ స్పీకర్లకు నిషేధం ఉంది, కాబట్టి మధ్యాహ్నానికే వేదిక దగ్గర ఉండాలి. ఊరు చూడటానికి మిగిలే సమయం హోటల్ నుంచి వేదికకు వెళ్లే దారిలోనే.

అపోహ: ముందు రికార్డు చేస్తారు, తర్వాత దాన్నే వేదికల మీద వాయిస్తారు.

వాస్తవం: మా విషయంలో క్రమం తిరగబడింది. ఈ నాలుగు పాటలనూ ఏడాది పాటు చిన్న వేదికల మీద వాయించిన తర్వాతే స్టూడియోకు వెళ్లాము. ఒక పాట నిమిషానికి 92 బీట్లతో మొదలై, జనం తల ఊపే తీరు చూసి 96కు చేరింది. మరో పాటలో మూడో చరణం వచ్చేసరికి ప్రతిచోటా శ్రోతలు మాటల్లో పడటం మిక్సర్ దగ్గర నుంచి గమనించి చెప్పాను. రాసినవాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు రిహార్సల్‌కు వచ్చి, ఆ చరణం తీసేసి, అక్కడ బేస్ గిటార్ ఒక్కటే ఎనిమిది బార్లు నడిచేలా కట్టాడు. విడుదలైన రికార్డింగులో మీరు వినేది దాన్నే.