మాజీ సైనికులు వాలంటీర్లుగా వస్తే... జనంలో ఉన్న అపోహలు, ఫీల్డ్‌లో కనపడే వాస్తవాలు

నేను చేసేది వాలంటీర్ కోఆర్డినేషన్. వరదలు, తుఫాన్లు, భూకంపాలు వచ్చినప్పుడు ఎవర్ని ఎక్కడికి పంపాలి, ఎవరికి ఏ పని అప్పజెప్పాలి, ఎవర్ని ఇక చాలు వెళ్ళి పడుకోమనాలి, ఇదే నా రోజువారీ పని. మా టీముల్లో మాజీ సైనికులు బాగానే ఉంటారు. వాళ్ళ గురించి బయట వినపడే మాటల్లో సగం పొగడ్త, సగం భయం, నిజం చెప్పాలంటే రెండూ పనికి అడ్డమే. అందుకే తరచుగా వినేవి కొన్ని రాస్తున్నా. వరసేం లేదు, నన్ను ఎక్కువ విసిగించినవాటి గురించి ఎక్కువ రాశా.

అపోహ: మాజీ సైనికులంటే రిటైరైన పెద్దాయనలు, బరువు పనులు చెప్పకూడదు.

మన ఇండియన్ ఆర్మీలో 2022లో అగ్నిపథ్ పథకం రాకముందు చేరిన జవాన్‌కి 15 ఏళ్ళ సర్వీసు దాటితే పెన్షన్ వస్తుంది. పద్దెనిమిదేళ్ళకి చేరినవాడు చాలాసార్లు నలభై లోపే బయటికొచ్చేస్తాడు. అమెరికాలో అయితే నాలుగేళ్ళ మొదటి కాంట్రాక్ట్ అవ్వగానే వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది, అంటే ఇరవై రెండు ఇరవై మూడేళ్ళకే మాజీ. కాబట్టి మాకు వయసు ప్రాబ్లం కాదండీ, టైం ప్రాబ్లం. వీళ్ళకి ఇంకో ఉద్యోగం ఉంటుంది, చిన్న పిల్లలుంటారు, సెలవు దొరకదు. పది రోజులు రమ్మంటే రాలేరు, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా అంటే వస్తారు.

ఇంకోటి, మాజీ సైనికుల్లో ఆడవాళ్ళూ ఉంటారు. రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఒకావిడ "ఎక్స్-సర్వీస్" అని రాస్తే "మీవారు ఏ రెజిమెంటండీ?" అని అడిగే మహానుభావులు ఇంకా ఉన్నారు. దయచేసి అడక్కండి.

అపోహ: ఆర్మీలో చేశారంటే తుపాకీ పట్టి ముందు వరసలో పోరాడినవాళ్ళే.

ఏ సైన్యం తీసుకున్నా అందులో స్టోర్స్ చూసేవాళ్ళు, బళ్ళు రిపేర్ చేసేవాళ్ళు, వైర్‌లెస్ నడిపేవాళ్ళు, వంటవాళ్ళు, నీళ్ళ సప్లై చూసేవాళ్ళు, నర్సులు, క్లర్కులు, వంతెనలు కట్టే ఇంజినీర్లు బోలెడంత మంది. నిజానికి విపత్తు వచ్చినప్పుడు నా కళ్ళు ముందు వెతికేది కమెండోని కాదు, స్టోర్‌కీపర్‌ని.

ఎందుకో చెప్తా. రాత్రి పదకొండింటికి రిలీఫ్ సామాన్ల లారీ వస్తుంది. మామూలు వాలంటీర్లు మంచి ఉత్సాహంగా గొలుసులా నిలబడి చేతులు మార్చి గంటలో మొత్తం దించేస్తారు, దించి ఒక మూల కుప్ప పోస్తారు, పొద్దున ఎవరో పసిపిల్లల పాలపొడి కావాలని వస్తే అది ఆ కుప్పలో అడుగున ఎక్కడో ఉంటుంది. స్టోర్స్‌లో పనిచేసిన మనిషి ఒక్కరున్నా కథ వేరు. ముందు ఒక రిజిస్టర్ అడుగుతారు, నేల మీద చెమ్మ ఉందేమో చూసి చెక్క పలకలు వేయిస్తారు, బరువువి కింద, తేలికవి పైన, ఎక్స్‌పైరీ దగ్గరున్నవి ముందు వరసలో, మందులూ పాలపొడీ తలుపు పక్కనే, మధ్యలో మనిషి నడిచేంత దారి. దించడానికి గంట కాదు, రెండు గంటలు పడుతుంది, అందరూ సణుగుతారు. పొద్దున్నించి మాత్రం ఎవరేమడిగినా నిమిషాల్లో చేతికొస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఆర్మీలో మెడిక్‌గా చేసిన మనిషి రక్తస్రావం ఆపడంలో మనందరికన్నా నయం కావచ్చు, కానీ చాలా దేశాల్లో సివిల్ లైసెన్స్ లేకుండా ఆ మనిషి సూది గుచ్చకూడదు. ఫస్ట్ ఎయిడ్ దాకా ఓకే, ఆ పైన పేపర్లు చూడందే ఒప్పుకోవద్దు.

అపోహ: వాళ్ళొస్తే అందరి మీదా ఆర్డర్లేస్తారు.

ఇది సగం తప్పు, సగం నిజం. తప్పు ఎందుకంటే ఆర్డర్ ఇవ్వడం కన్నా తీసుకోవడం ఎక్కువ అలవాటైన మనుషులు వాళ్ళు. ఈ రోజు నీ టీమ్ లీడర్ ఫలానా అమ్మాయి, ఆమె స్కూల్ టీచర్ అని చెప్తే, మాజీ సుబేదార్ కూడా సరే అని పనిలోకి దిగిపోతాడు. అవసరమల్లా ఎవరి కింద ఎవరో స్పష్టంగా చెప్పడమే. 1970లో కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో ఒక్కో డిపార్ట్‌మెంట్ ఒక్కోలా నడిచి గందరగోళమయ్యాక తయారైన ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ చెప్పేది కూడా ఇదే, ప్రతి మనిషికీ ఒక్కరే లీడర్, ఒక లీడర్ కింద ముగ్గురి నుంచి ఏడుగురి దాకా, ఐదుగురైతే బెస్ట్. ఈ పద్ధతి సైనికులకి ఇట్టే ఎక్కుతుంది, నేర్పించాల్సింది మనకే. మా దగ్గర ర్యాంకులు వాడం, అందరూ పేర్లతోనే పిలుచుకుంటారు, మొదటి రోజు ఇబ్బంది పడతారు, తర్వాత అలవాటవుతుంది.

నిజం ఎక్కడంటే, టీమ్ లోపల కాదు, బాధితుల దగ్గర. వరద తగ్గిన ఇంట్లో బురద తోడేటప్పుడు తొందర అవసరమే, తడిసిన సామానుకి 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. కానీ ఆ ఇంటి పెద్దావిడ వాకిట్లో కూర్చుని అంటుకుపోయిన ఫోటోల్ని ఒక్కోటీ విడదీస్తూ ఉంటుంది, మన వాలంటీరేమో నాలుగింటికల్లా ఇల్లు ఖాళీ చేయాలని టార్గెట్ పెట్టుకుని ఉంటాడు. అక్కడ టార్గెట్ ఆగాల్సిందే. ఆ ఇంట్లోది ఏది పారేయాలో చెప్పే హక్కు ఆవిడది.

ఊళ్ళ స్థాయిలో కూడా ఇదే పేచీ. అన్నా హజారే ఆర్మీలో డ్రైవర్‌గా చేసి 1975లో తన ఊరు రాలేగణ్ సిద్ధికి తిరిగొచ్చి, కందకాలు తవ్వించి, వాగులకి కట్టలు వేయించి, వాన నీళ్ళు ఆపి కరువు ఊరి రూపు మార్చారు, అది చిన్న పని కాదు. అదే ఊళ్ళో తాగి వచ్చినవాళ్ళని స్తంభానికి కట్టేసి కొట్టడం కూడా జరిగింది, ఆయన దాన్ని దాచలేదు, సమర్థించుకున్నారు కూడా. నా మటుకు నాకు మొదటిది సేవ, రెండోది కాదు. ఊరి జనం ప్లాటూన్ కాదు కదా.

అపోహ: వాళ్ళందరికీ మానసిక సమస్యలుంటాయి, ఎప్పుడు ఎలా ఉంటారో తెలీదు.

అమెరికా ప్రభుత్వ వెటరన్స్ విభాగం లెక్కలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవాల తర్వాత వచ్చే మానసిక సమస్య) వచ్చేవాళ్ళు మాజీ సైనికుల్లో నూటికి 7 మంది, మామూలు పెద్దవాళ్ళలో 6 మంది. ఏ యుద్ధంలో పనిచేశారు అన్నదాన్ని బట్టి ఈ అంకె బాగా పెరుగుతుంది, అది వేరే సంగతి. మొత్తమ్మీద చూస్తే సినిమాల్లో చూపించేంత సీన్ లేదు.

అపోహ: సేవ చేస్తే చాలు, యుద్ధం గాయాలు వాటంతటవే మానిపోతాయి.

పై దానికన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే ఇది మంచి మనసుతో అనే మాట. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు జేక్ వుడ్, విలియం మెక్‌నల్టీ అనే ఇద్దరు మాజీ మెరీన్లు కొద్దిమందిని వెంటేసుకుని అక్కడికి వెళ్ళారు, టీమ్ రూబికాన్ అనే విపత్తు సేవా సంస్థ అలా పుట్టింది. హైతీలో వాళ్ళతో పనిచేసినవాళ్ళలో క్లే హంట్ ఒకడు, ఇరాక్, అఫ్గానిస్తాన్ రెండూ చూసినవాడు, సేవలో చురుగ్గా తిరిగినవాడు, తోటి మాజీ సైనికుల కోసం ఎక్కడైనా మాట్లాడేవాడు. 2011 మార్చిలో ఆత్మహత్య చేసుకున్నాడు, 28 ఏళ్ళు. మాజీ సైనికుల ఆత్మహత్యల నివారణకి 2015లో అమెరికాలో వచ్చిన చట్టానికి అతని పేరే పెట్టారు. ఆ తర్వాతే ఆ సంస్థ, మనం సాయం చేయాల్సింది బాధితులకే కాదు, వెళ్ళి పనిచేసే మనవాళ్ళకీ అని గట్టిగా తెలుసుకుంది.

అంటే సేవ పనికిరాదనా? కాదు. యూనిఫాం తీశాక చాలామందికి కరువయ్యేది చేయడానికో పని, పక్కన నిలబడే మనుషులు, నేను అవసరమే అనే భావన, వాలంటీర్ పని ఈ మూడూ ఇస్తుంది, అది నేను కళ్ళారా చూస్తూనే ఉన్నా. కానీ అది డాక్టర్‌కి, కౌన్సెలర్‌కి బదులు కాదు. పైగా క్యాంపులో పది రోజులు గట్టిగా పనిచేసి ఇంటికెళ్ళాక ఒక్కసారిగా ఖాళీ అనిపిస్తుంది, మాకు భయం క్యాంపులో కాదు, ఆ తర్వాతి వారాల్లోనే.

అందుకే కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. శవాలు వెలికితీసే పని ఎవరికీ డీఫాల్ట్‌గా ఇవ్వం, "ఆర్మీవాడివి కదా నీకు అలవాటేలే" అనే మాట మా దగ్గర నిషేధం. ఇంటికి పంపేముందు కూర్చోబెట్టి మాట్లాడతాం, వెళ్ళిన కొద్దిరోజులకి ఫోన్, నెల తిరిగేలోపు ఇంకో ఫోన్, అది కూడా ఆఫీసు నుంచి కాదు, అదే టీమ్‌లో పక్కన పనిచేసిన మనిషి నుంచి. డబ్ల్యూహెచ్‌ఓ 2011లో తెచ్చిన సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ గైడ్‌లో చూడు, విను, సాయం దొరికే చోటికి కలుపు అని మూడు మెట్లుంటాయి, బాధితుల కోసం రాసిందే అయినా మేం వాలంటీర్లకీ అదే వాడతాం. మూడోదే అందరూ మర్చిపోతారు. విని ఊరుకుంటే సరిపోదు, నంబర్ ఇచ్చేసి ఊరుకున్నా సరిపోదు, అపాయింట్‌మెంట్ దాకా తోడుండాలి.

అపోహ: వాళ్ళు విపత్తులకే పనికొస్తారు.

అమెరికాలో 2007లో మొదలైన ది మిషన్ కంటిన్యూస్ అనే సంస్థ మాజీ సైనికుల్ని బస్తీల్లో స్కూళ్ళు, పార్కులు బాగుచేసే పనుల్లోకి దింపుతుంది. అయితే ఒకటి గమనించా, విపత్తు పనికి మొదలూ చివరా ఉంటాయి, ప్రతి శనివారం పిల్లలకి లెక్కలు చెప్పడానికి చివర ఉండదు. అలాంటివి ఇస్తే మొదట్లో బాగా వచ్చి తర్వాత మెల్లగా మానేస్తారు. అదే పనిని మూడు నెలల ముక్కలుగా చేసి, ఈ ముగ్గురు పిల్లలు భిన్నాలు దాటాలి, పరీక్ష ఫలానా తారీఖు అని చెప్పి చూడండి, ఎండైనా వానైనా వస్తారు.

అపోహ: ఫ్రీగా వస్తారు కాబట్టి ఖర్చుండదు.

ఇన్సూరెన్స్, బూట్లు, గ్లవ్స్, మాస్కులు, ప్రయాణం, తిండి, ట్రైనింగ్. చైన్‌సా (చెట్లు కోసే మెషిన్ రంపం) పట్టుకున్న ప్రతి మనిషికీ కాళ్ళకి రక్షణ కవచం ఉండాలి, ఎంత అనుభవం ఉన్నా సరే. డబ్బు లేదంటే ఆ పని ఒప్పుకోకండి.

అపోహ: దేశం కోసం పనిచేసినవాళ్ళని పేపర్లు అడగడం అవమానం.

యూనిఫాం ఫోటో పెట్టుకుని తిరిగే నకిలీలు అన్ని దేశాల్లోనూ ఉన్నారు, అందుకే డిశ్చార్జ్ పత్రం అడగండి, పిల్లలతో, వృద్ధులతో పనైతే పోలీస్ వెరిఫికేషన్ కూడా. అసలైనవాళ్ళు సర్వీసంతా గేటు దగ్గర ఐడీ చూపించే లోపలికెళ్ళినవాళ్ళు, ఏమీ అనుకోరు. అడిగేటప్పుడు పేపర్ చూసి పక్కన పెట్టేయకుండా, అందులో ఏ ట్రేడ్, అంటే ఆర్మీలో ఏ పని చేశారు అని రాసుందో కూడా నోట్ చేసుకోండి, రేపు లారీ వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో అక్కడే ఉంటుంది.