పర్మిషన్ నాటికే ఖరారయ్యే కరెంటు బిల్లు

హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసు కట్టేటప్పుడు ఏసీ కన్సల్టెంట్‌ను పిలిచేసరికే ఎలివేషన్, అంటే భవనం బయటి రూపం, ఖరారై ఉంటుంది. పడమటి వైపు ఎంత గాజు రావాలో అప్పటికే తేలిపోతుంది. ఇక మిగిలేది ఎన్ని టన్నుల మెషిన్ పెట్టాలన్న లెక్కే. ఈ వరుస తప్పు. చట్టాలు మారినా ఇది పెద్దగా మారలేదు.

కోస్తాలో మండువా లోగిలి, సీమలో చవుడు మిద్దె కట్టినవాళ్లు చల్లదనాన్ని కట్టుబడిలోనే చూసుకున్నారు. కాంక్రీటు శ్లాబు, దాని వెనకే ఏసీ వచ్చాక ఆ బాధ్యత మెషిన్ మీద పడింది. పగలంతా ఎండ తాగిన అయిదంగుళాల శ్లాబు రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది.

2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది, మరుసటి ఏడాది దాని అమలు చూసే కేంద్ర సంస్థ బీఈఈ ఏర్పడింది. భవనాల ఇంధన పొదుపు కోడ్ ఈసీబీసీ 2007లో వచ్చింది కానీ అమలు ఐచ్ఛికం. అంతకుముందే, 2004 జులైలో, హైదరాబాద్‌లో సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను అబ్దుల్ కలాం ప్రారంభించారు. గ్రీన్ భవనాలకిచ్చే అమెరికా రేటింగ్ లీడ్‌లో పై స్థాయి అయిన ప్లాటినం, అమెరికా బయట పొందిన తొలి భవనం అది. నడిమధ్య ముంగిలి, జాలీ గోడలు, విండ్ టవర్లు దాని ప్రత్యేకతలు. ఇలాంటివి తొలి స్కెచ్‌లోనే ఉండాలి, తర్వాత తెచ్చి అతికించడం కుదరదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో కోడ్‌ను తప్పనిసరి చేసింది. 1000 చదరపు మీటర్ల స్థలం గానీ, 2000 చదరపు మీటర్ల నిర్మాణం గానీ ఉన్న వాణిజ్య భవనాలు దాని పరిధిలోకి వచ్చాయి. 2017లో కోడ్ మరింత కఠినమైంది. ఇళ్లకు 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే పైకప్పు) విధానం తెచ్చింది.

ఇంత జరిగినా పరిశీలన మొదలయ్యేది పర్మిషన్ దరఖాస్తు దగ్గరే. కోడ్ గోడకు, పైకప్పుకు, గాజుకు పరిమితులు పెట్టింది గానీ భవనం ఎటు తిరగాలో నిర్బంధించలేదు. అసలు నష్టం జరిగేది అక్కడే.

పడమటి గోడకు 100 చదరపు మీటర్ల మామూలు గాజు ఉందనుకోండి. మే నెల సాయంత్రం నాలుగింటికి చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతుందనుకుంటే, అందులో 80 శాతం లోపలికి వస్తుంది. అంటే 48 కిలోవాట్లు. ఒక టన్ను మూడున్నర కిలోవాట్లు కాబట్టి, ఆ ఒక్క గోడకే దాదాపు 14 టన్నుల ఏసీ కావాలి. 2017 కోడ్ అడిగిన 0.27 ఎస్‌హెచ్‌జీసీ గాజైతే, అంటే ఎండ వేడిలో 27 శాతమే లోపలికి వదిలేదైతే, అయిదు టన్నుల్లోపే. సన్‌షేడ్ పెడితే సరిపోతుందనుకోవద్దు. దక్షిణపు కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ మార్చి నెలాఖరు మిట్టమధ్యాహ్నం ఆరడుగులకు పైగానే నీడ ఇస్తుంది. అదే సన్‌షేడ్ పడమట నాలుగింటికి ఇచ్చే నీడ అడుగున్నర కూడా ఉండదు. అక్కడ నిలువు ఫిన్‌లు (గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే పలకలు) కావాలి, లేదా మెట్లు, లిఫ్టులు, టాయిలెట్లు ఆ వైపుకు జరపాలి. గాజును ఉత్తరానికి తిప్పినా మే నుంచి జులై దాకా కొంత ఎండ తగులుతుంది. అది చిన్న ఫిన్‌లతో ఆగిపోతుంది.

గోడ సంగతీ అంతే. గోడ గుండా వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె యూ విలువ, అది తక్కువైతే మేలు. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు అది సుమారు 2 ఉంటే, 2017 కోడ్ పెద్ద ఆఫీసులకు అడిగింది 0.40. ఎనిమిదంగుళాల ఏఏసీ బ్లాకుకు (గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుక) తోడు 50 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ బోర్డు పెడితే గానీ అది అందదు. ఆ మందం మొదటి ప్లాన్‌లో లేకపోతే కార్పెట్ ఏరియాలోంచి పోతుంది. అప్పుడు బిల్డర్ ముందు తీసేసేది బోర్డునే.

స్థలం కొలతలు చేతికి రాగానే ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజినీరు, ఏసీ కన్సల్టెంట్ ముగ్గురూ కూర్చోవాలి. రెండు మూడు దిశల్లో భవనాన్ని తిప్పి, గోడలో గాజు 25, 30, 40 శాతం పెట్టి కూలింగ్ లోడు, అంటే ఏసీ తీయాల్సిన వేడి, చూడాలి. పెట్టెల్లాంటి మోడల్ చాలు, గదుల ప్లాన్ అక్కర్లేదు. ఇది చేయకుండా శ్లాబులు పడ్డాక గాజుకు నల్ల ఫిల్మ్ అంటిస్తే వేడి కొంత తగ్గినా వెలుతురూ పోతుంది. పట్టపగలు లైట్లు వేయాలి, వాటి వేడికి మళ్లీ ఏసీ పనిచేయాలి.