తెరకే సగం మెమరీ: జెరాక్స్ ఆల్టో కథ

8 జీబీ ర్యామ్ అని కొన్న ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో 'యూజబుల్' అంకె తక్కువగా కనిపిస్తే షాపువాడు మోసం చేశాడనుకుంటాం. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని చోట తెర తన వాటాను ప్రధాన మెమరీలోంచే తీసుకుంటుంది. ఇది పాత పద్ధతే. 1973లో కాలిఫోర్నియాలో జెరాక్స్ కంపెనీ పరిశోధనా కేంద్రం 'పార్క్' (PARC)లో చక్ థాకర్ డిజైన్ చేసిన ఆల్టో అనే కంప్యూటర్‌లో తెర వాటా దాదాపు సగం.

ఆల్టో తెర కాగితంలా నిలువుగా ఉండేది: అడ్డంగా 606 చుక్కలు, నిలువుగా 808, చుక్కకు ఒక బిట్. ఒక్కో అడ్డ గీతకు 16 బిట్ల పదాలు (మెమరీ గదులు) 38 చొప్పున మొత్తం 30,704 పదాలు. యంత్రంలో ఉన్నవే 65,536, అంటే 128 కేబీ. అందుకే తెరను అడ్డ పట్టీల గొలుసుగా వర్ణించనిచ్చారు, ఒక్కో పట్టీ వివరానికి నాలుగు మెమరీ పదాలు: తర్వాతి పట్టీ ఎక్కడ, వెడల్పు ఎంత, బొమ్మ ఎక్కడ, గీతలెన్ని. వెడల్పు సున్నా అని రాస్తే ఆ జాగా ఖాళీగా వస్తుంది, బొమ్మకు మెమరీ ఖర్చుండదు. వరసల మధ్య తెల్లజాగా ఉచితమన్నమాట.

అసలు తెలివి ప్రాసెసర్‌లో ఉంది. లెక్కలు చేసే 74181 చిప్స్ నాలుగింటితో కట్టిన ఆ ఒక్క ప్రాసెసర్‌నే 16 మైక్రోటాస్కులు, అంటే వంతులవారీగా నడిచే చిన్న పనులు, పంచుకునేవి. డిస్క్, ఈథర్‌నెట్ (కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్), తెర అన్నీ అందులోవే. వాడేవాడి ప్రోగ్రాముది ఆఖరి వరస. ఒక్కో మైక్రోఆదేశానికి 170 నానోసెకన్లు. తెర నిండా బొమ్మ ఉంటే ప్రాసెసర్ సమయంలో సగానికి పైగా దానికే పోయేది.

చిక్కు ఏమిటంటే, నడుస్తున్న టాస్కు తానుగా 'టాస్క్' ఆదేశమిస్తేనే ఇంకొకదానికి వంతు వస్తుంది. సొంత మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ను నేరుగా నడిపే ఆదేశాలు) రాసేవాళ్లు లూపులో అది మరిచిపోతే ముందు తెరకున్న 16 పదాల బఫర్ (తాత్కాలిక నిల్వ) ఖాళీ అయి గీతలు చెదురుతాయి. ఇంకా సాగితే మెమరీలోని డేటా చెరగకుండా తాజా చేసే 'రిఫ్రెష్' ఆగి డేటాయే పోతుంది, ఎందుకంటే సుమారు 38 మైక్రోసెకన్లకోసారి జరిగే ఆ రిఫ్రెష్ కూడా ఒక టాస్కే. మౌస్ కదలికను చూసే పనీ ఆ రిఫ్రెష్ టాస్కుకే అంటగట్టారు!

1984 మాకింటోష్‌లో మెమరీ అదే 128 కేబీ. తెరను మాత్రం 512×342కు కుదించి 21,888 బైట్లతో సరిపెట్టారు. అయినా గీత గీస్తున్నంతసేపూ ప్రాసెసర్ మెమరీ కోసం తెరతో వంతు పంచుకోవాల్సిందే.