కళ్లు మూసుకుని 50 అడుగులు: చెవి బ్యాలెన్స్ పరీక్షపై అపోహలు - వాస్తవాలు

తల తిరుగుతోందని వచ్చినవాళ్ల చేత మేం చేయించే చిన్న పరీక్ష ఒకటుంది. చెప్పులు విప్పి, రెండు చేతులూ ముందుకు చాచి, కళ్లు మూసుకుని ఉన్నచోటే 50 అడుగులు వేయాలి. దీన్ని 1938లో ఉంటర్‌బెర్గర్ అనే వైద్యుడు వివరించారు. 1959లో జపాన్ వైద్యుడు తదాషి ఫుకుదా లెక్కలతో సహా ఒక పద్ధతిలో పెట్టారు. అందుకే ఫుకుదా టెస్ట్ అంటాం. ఖర్చు లేదు, మిషను అక్కర్లేదు. అపోహలకు మాత్రం కొదవ లేదు.

అపోహ: ఎటు తిరిగిపోతే ఆ చెవి పాడైనట్టే.

వాస్తవం: ఒక పక్క లోపలి చెవి కొత్తగా బలహీనపడితే మనిషి సాధారణంగా ఆ పక్కకే తిరుగుతాడు. 50 అడుగుల్లో 30 డిగ్రీలు దాటితే మాకు అనుమానం వస్తుంది. అనుమానమే, నిర్ధారణ కాదు. ఏ జబ్బూ లేనివాళ్లు కూడా తిరుగుతారు. ఒకే మనిషి ఉదయం ఒకలా, సాయంత్రం ఇంకోలా తిరగొచ్చు. గదిలో ఒక మూల టీవీ మోగుతున్నా, కిటికీలోంచి ఎండ మొహాన పడుతున్నా దిక్కు తెలిసిపోతుంది, ఇక పరీక్ష చెల్లదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, షుగరు వల్ల అరికాళ్లు మొద్దుబారినవాళ్లకి ఫలితం ఇంకా తికమకగా వస్తుంది.

తలుపుకేసి మొదలుపెట్టి బీరువాకేసి తేలినవాళ్లు కళ్లు తెరిచాక, “నేను కదల్లేదండీ, మీరే తిప్పేశారు” అంటారు. నిజంగానే వాళ్లకి తెలియదు. అందుకే మొదలుపెట్టే ముందు నేల మీద టేపు అంటించి ఉంచుతాం.

అపోహ: తిన్నగా నిలబడ్డాను కాబట్టి చెవి బాగున్నట్టే.

వాస్తవం: నన్నడిగితే అన్నిటికన్నా నష్టం చేసేది ఇదే. లోపలి చెవి నుంచి మెదడుకు బ్యాలెన్స్ కబురు మోసే నరం దెబ్బతిన్నా, కొన్ని వారాల్లో మెదడు సర్దుకుంటుంది. అప్పుడు ఈ పరీక్ష మామూలుగానే రావచ్చు. చెవిలోకి చల్లని, వెచ్చని నీళ్లు పంపే కేలరిక్ పరీక్షలో మాత్రం ఆ లోపం బయటపడుతుంది. ఇక పక్క మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగే జబ్బు (బీపీపీవీ) ఉందే, దానికి ఈ అడుగులతో పనే లేదు. మంచం మీద తల పక్కకు తిప్పి పడుకోబెట్టి, కళ్ల కదలిక చూసే డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చేయాలి.

అపోహ: తల తిరిగితే మెడ అరిగినట్టే.

వాస్తవం: వయసు పైబడినవాళ్లలో చాలామందికి ఎక్స్‌రేలో అరుగుదల కనిపిస్తుంది. తల తిరగడానికి అదే కారణమని తేల్చడానికి అది చాలదు.

అపోహ: ఇంట్లో ఒక్కరమే చేసి చూసుకోవచ్చు.

వాస్తవం: పడిపోతారు. మా దగ్గర కూడా వెనకాల ఒకరు చేతులు చాచి సిద్ధంగా నిలబడతారు.

అపోహ: తల తిరగడం పూర్తిగా తగ్గేదాకా మాత్రలేసుకుని పడుకోవాలి.

వాస్తవం: తిప్పు, వాంతులు ఆపే మందులు మొదటి రెండు మూడు రోజులకే. వారాల తరబడి వాడితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది. డాక్టరు చెప్పిన వ్యాయామాలతో త్వరగా లేచి తిరగాలి.

ఉన్నట్టుండి తల తిరుగుతూ మాట ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా, వస్తువులు రెండుగా కనిపించినా, పట్టుకోకుండా నిలబడలేకపోయినా ఏ పరీక్షలూ పెట్టుకోకండి. 108కి ఫోన్ చేయండి.